కణాల సేద్యానికీ ఒక పంచాంగం కావాలి

అరవై కిలోల బరువున్న ఒక మహిళకు హెర్-2 రకం రొమ్ము క్యాన్సర్ అని తేలింది, డాక్టరు ట్రాస్టుజుమాబ్ రాశారు అనుకుందాం. మూడు వారాలకోసారి ఇచ్చే పద్ధతిలో తొలి మోతాదు కిలో బరువుకు 8 మిల్లీగ్రాములు, ఆ తర్వాత ప్రతిసారీ 6. ఏడాదికి 18 మోతాదులు. కూడితే మొత్తం 6.6 గ్రాములు, చెంచాడు ఉప్పుకు కాస్త ఎక్కువ. ఈ చెంచాడు మందు యాంటీబాడీ అనే ప్రోటీన్, దాన్ని రసాయనాలు కలిపి మరిగించి చేయడం కుదరదు. 1957లో అమెరికా శాస్త్రవేత్త థియోడర్ పక్ చైనీస్ హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుకలాంటి జంతువు అండాశయం నుంచి తీసి పెంచిన కణాల సంతతే నేటికీ ఈ పని చేస్తోంది. ఆ కణాలు ట్యాంకులో పోషకద్రవంలో తేలుతూ, మనం లోపల పెట్టిన జన్యువు చెప్పినట్టు యాంటీబాడీని తయారుచేసి బయటికి వదులుతాయి. 1980ల మధ్యలో ఇలాంటి కణాలు లీటరుకు 50 మిల్లీగ్రాముల ప్రోటీన్ ఇస్తే అదే గొప్ప. శుద్ధి చేయడంలో 30 శాతం పోతుందనుకుంటే, ఆ లెక్కన మన రోగి ఏడాది మందుకు దాదాపు 190 లీటర్ల కణద్రవం కావాలి. అంటే ఒక డ్రమ్ము. ఇప్పుడు మంచి ప్లాంట్లు లీటరుకు 5 గ్రాములు తీస్తున్నాయి. అదే రోగికి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాడు చాలు.

డ్రమ్ము సీసాగా ఎలా మారింది? బయటివాళ్లం ఎవరమైనా ముందు జన్యు ఇంజినీరింగ్ అనే అంటాం. అందులో నిజం లేకపోలేదు. కణంలో జన్యువు ఎక్కడ కుదురుకుంది, వేల కణాల్లోంచి మంచిదాన్ని ఎలా ఏరుకోవాలి అన్న విద్య చాలా ముందుకు వచ్చింది. కానీ ఈ రంగంలో ఎక్కువమంది ఉదహరించే సమీక్షల్లో ఒకటి, స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో పనిచేసిన ఫ్లోరియన్ వుర్మ్ 2004లో రాసినది, ఇంకో మాట చెప్పింది. ఇరవై ఏళ్లలో దిగుబడి వంద రెట్లకు పైగా పెరిగిందనీ, ఆ పెరుగుదలలో పెద్ద వాటా కణాలకు పెట్టే మేతనూ ట్యాంకులోని పరిస్థితుల అదుపునూ మెరుగుపరచడం వల్లే వచ్చిందనీ. 1986 నాటి ట్యాంకులో మిల్లీలీటరుకు 20 లక్షల కణాలు పెరిగి, వారం రోజుల్లో కథ ముగిసేది. 2004 నాటికి కోటికి పైగా కణాలు మూడు వారాల దాకా పనిచేశాయి. వరి పండించేవాళ్లకు ఇది వింతేమీ కాదు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి విత్తనం అందరి దగ్గరా ఒకటే. ఎకరానికి వచ్చే బస్తాలు మాత్రం ఒకటి కావు. నీరు, ఎరువు, అదును, ఈ మూడింటి తేడాయే అది. యాంటీబాడీ కూడా సేద్యమే. నా వాదన కూడా ఇంతే: ఈ సేద్యం మెళకువలు కంపెనీల బీరువాల్లో మగ్గకుండా, వరి సాగు పద్ధతుల్లాగే ప్రజల సొత్తు కావాలి, అందుకు ప్రభుత్వాలు ఖర్చు పెట్టాలి.

ఆ మెళకువలు ఎంత చిన్నవిగా కనిపిస్తాయో, ఎంత పని చేస్తాయో తెలియాలంటే ట్యాంకులోకి తొంగిచూడాలి. మొదటి నాలుగైదు రోజులు కణాలను 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు, అంటే ఒంటి వేడి. ఒక రోజు అటూఇటూగా అవి రెట్టింపవుతూ పోతాయి. మిల్లీలీటరుకు కోటి దాటాక, ట్యాంకు చుట్టూ ఉన్న జాకెట్‌లోకి చల్లటి నీరు వదిలి 33 డిగ్రీల దగ్గరికి దింపుతారు. తేడా నాలుగు డిగ్రీలే. అయినా కణాల విభజన మందగిస్తుంది. చాలా కణాలు జీ1 అనే దశలో, ఇంకో కణాన్ని కనే ప్రయత్నం మొదలుపెట్టకముందే, ఆగిపోతాయి. తిండి తక్కువ తింటాయి, చెత్త తక్కువ వదులుతాయి, ఆలస్యంగా చస్తాయి. చాలా సెల్ లైన్లలో, అంటే ఒకే కణం నుంచి పెంచిన సంతతుల్లో, ఒక్కో కణం రోజుకు చేసే యాంటీబాడీ కూడా పెరుగుతుంది. పిలకలు వేసే దశ ముగిశాక రైతు మడిలో నీరు తీసేసి కొన్నాళ్లు ఆరగట్టడం ఇందుకే కదా: ఇక కొత్త పిలకలు చాలు, ఉన్న బలమంతా వెన్నుకు పోవాలని. అదును తప్పితే రెండు చోట్లా ఒకటే శాస్తి. మరీ ముందే చల్లబరిస్తే పనిచేయాల్సిన కణాల సంఖ్యే తయారుకాదు. ఆలస్యం చేస్తే అప్పటికే చెత్త పేరుకుపోయి ఉంటుంది, చల్లబరిచినా లాభముండదు. కొన్ని లైన్లకు ఈ చికిత్స అసలు పడదు. రోజులు పెరుగుతాయి, దిగుబడి పెరగదు. ఎన్నో రోజున, ఎన్ని డిగ్రీలకు, ఎంత నెమ్మదిగా అన్నది ప్రతి లైనుకూ వేరుగా, చేసి చూసి తెలుసుకోవాల్సిందే.

మేత సంగతి ఇంకా చిత్రం. చక్కెర దండిగా కనిపిస్తే ఈ కణాలకు ఆబ ఎక్కువ. ఆక్సిజన్ సరిపడా ఉన్నా సరే, గ్లూకోజ్‌ను పూర్తిగా కాల్చకుండా సగంలో వదిలేసి లాక్టేట్‌గా మార్చి బయటికి పోస్తాయి. ద్రవం పులుస్తుంది. పీహెచ్ పడిపోకుండా యంత్రం దానంతటదే క్షారం కలుపుతుంది. క్షారంతో పాటు ద్రవంలో లవణాల గాఢత పెరుగుతుంది. కణాలు ఉప్పునీళ్లలో పడ్డట్టు ఉక్కిరిబిక్కిరవుతాయి. యూరియా ఎక్కువేసిన చేను ఏపుగా పెరిగి తాలు గింజలిచ్చినట్టే. అందుకని గ్లూకోజ్‌ను ఒక్కసారిగా పోయకుండా, కణాలు తిన్నంత మేరకే రోజూ కొంచెం కొంచెంగా అందిస్తారు. మేతలో రాగి కొద్దిపాటి ఎక్కువ ఉంటే, కొన్ని లైన్లు తాము వదిలిన లాక్టేట్‌నే తిరిగి తినడం మొదలుపెడతాయి. గ్లుటమైన్ అనే అమైనో ఆమ్లానిది మరో తంటా. కణానికి అది కావాలి, కానీ తిన్నప్పుడూ, తినకుండా ద్రవంలో దానంతటది విరిగినప్పుడూ అమ్మోనియా పుట్టిస్తుంది. గ్లుటమైన్‌ను సొంతంగా తయారుచేసుకునే కణాలను ఎంచుకుని, మేతలోంచి దాన్ని తీసేయడం ఒక దారి. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచేది ఆస్పరజీన్ వ్యవహారం. మేతలో ఆ ఒక్క అమైనో ఆమ్లం అయిపోతే, కణం పని ఆపదు. దాని స్థానంలో అక్కడక్కడ సెరీన్‌ను కూర్చి యాంటీబాడీని పూర్తిచేసేస్తుంది. చూడ్డానికి దిగుబడి బాగానే ఉంటుంది. అక్షరం మార్చి అచ్చేసిన పుస్తకంలా, సరుకులో మాత్రం తప్పు దొర్లిపోయి ఉంటుంది. ఈ తప్పును పట్టాలంటే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉండాలి, దానికంటే ముందు, వెతకాలన్న అనుమానం రాగల మనిషి ఉండాలి.

ఆ మనిషి ఎక్కడ తయారవుతాడు? ఇప్పుడైతే కంపెనీలోనే. పట్టా చేతికొచ్చాక ఉద్యోగంలో చేరి, సీనియర్ల పక్కన నిలబడి, రెండు మూడేళ్లు బ్యాచ్‌లు నడిపి నేర్చుకోవాలి. ఈ ట్యాంకును, అంటే బయోరియాక్టర్‌ను, పుస్తకంలో బొమ్మగా తప్ప చూడకుండానే బయోటెక్నాలజీ పట్టా పుచ్చుకునేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎందరో. ఈ వెలితి మరో చోటైతే క్షమించవచ్చు, హైదరాబాద్‌లో క్షమించకూడదు. 1999లో జీనోమ్ వ్యాలీకి పునాది పడింది ఇక్కడ. 2007లో డాక్టర్ రెడ్డీస్ కంపెనీ రిటుక్సిమాబ్ అనే మరో యాంటీబాడీ మందుకు తన సొంత రూపాన్ని రెడిటక్స్ పేరుతో, అసలు మందు ధరలో దాదాపు సగానికి విడుదల చేసి, యాంటీబాడీ మందుల్లో బయోసిమిలర్ల, అంటే ఇలాంటి పోలిక మందుల, దారి తెరిచిందీ ఇక్కడి నుంచే. హెటిరో, అరబిందో గ్రూపులు కూడా ఆ దారిలోకి వచ్చాయి. ఇంత జరిగినా ప్రభుత్వాల ప్రకటనలు చూడండి: ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్ల పెట్టుబడి, ఎన్ని వేల లీటర్ల సామర్థ్యం, ఎన్ని ఉద్యోగాలు. లీటరుకు ఎన్ని గ్రాములు అన్న మాట వినబడదు. పదివేల లీటర్ల ట్యాంకులో లీటరుకు ఒక గ్రాము తీసేవాడికీ, రెండువేల లీటర్ల ట్యాంకులో ఐదు గ్రాములు తీసేవాడికీ చేతికొచ్చేది ఒకటే. కాకపోతే మొదటివాడు భవనానికి, నీటికి, కరెంటుకు, మేతకు చాలా ఎక్కువ పోసి ఉంటాడు.

వ్యవసాయంలో మనం ఈ తప్పు చేయలేదు. విత్తనం ఇచ్చి చేతులు దులుపుకోలేదు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు సొంత పొలాల్లో ప్రయోగాలు చేసి, ఏ నేలకు ఎంత నత్రజని, ఏ దశలో ఎంత నీరు అన్నది తేల్చి, వ్యవసాయ పంచాంగం పేరుతో తెలుగులో అచ్చేసి ఇచ్చాయి. కంపెనీ విత్తనం కొన్న రైతుకూ, సొంత విత్తనం వేసుకున్న రైతుకూ అదే పంచాంగం పనికొచ్చింది. కణాల సేద్యానికి అలాంటిది లేదు. అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసాలు బోలెడు వస్తాయి, నిజమే. వాటిలో చాలావాటిలో అసలు గుట్టు దాగే ఉంటుంది: మేత కంపెనీ అమ్మే పొడి, దాని కూర్పు రహస్యం, సెల్ లైను సొంతం, బయటికి ఇవ్వరు. చదివి అర్థం చేసుకోవచ్చు, మళ్లీ చేసి చూడలేం. ఆ పొడి కోసం విదేశాల మీద ఆధారపడితే ఏమవుతుందో 2021 ఏప్రిల్‌లో చూశాం. ముడిసరుకుల ఎగుమతిపై ఆంక్షలు ఎత్తేయమని సీరం ఇన్‌స్టిట్యూట్ అధిపతి అదర్ పూనావాలా అమెరికా అధ్యక్షుణ్ని ట్విటర్‌లో బహిరంగంగా వేడుకోవాల్సి వచ్చింది. అది టీకాల గొడవే అయినా, సంచులూ ఫిల్టర్లూ కణాల మేతా యాంటీబాడీ ప్లాంట్లకు వచ్చేదీ అవే దుకాణాల నుంచి.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం గట్టిదే. యాంటీబాడీ మందు ధరలో తయారీ ఖర్చు ఎంతని? పేటెంటు, ప్రచారం, లాభం, ట్రయల్స్ ఖర్చు తీసేస్తే మిగిలేది కొంచెమే. దిగుబడి రెట్టింపైనా రోగి బిల్లు తగ్గదు అంటారు. పేటెంటు ఉన్న కొత్త మందు విషయంలో ఇది అక్షరాలా నిజం, అక్కడ నా దగ్గర వాదన లేదు. కానీ పేటెంటు ముగిసి, నలుగురైదుగురు తయారీదార్లు బరిలోకి దిగాక కథ మారుతుంది. ధర దిగుతూ దిగుతూ వచ్చి తయారీ ఖర్చు దగ్గర ఆగుతుంది. ఆ అడుగు ఎక్కడుందన్నది దిగుబడే తేలుస్తుంది. ఆరోగ్యశ్రీ లాంటి పథకం టోకున కొనేటప్పుడు బేరమాడగలిగేది కూడా ఆ అడుగు దాకానే. పైగా దిగుబడి తక్కువైతే పెద్ద ప్లాంటు కావాలి, పెద్ద ప్లాంటుకు పెద్ద పెట్టుబడి కావాలి, పెద్ద పెట్టుబడి పెట్టగలవాళ్లు తక్కువ. బరిలోకి దిగేవాళ్లు తక్కువైతే అసలు ధర దిగడమే మొదలుకాదు. రిటుక్సిమాబ్, ట్రాస్టుజుమాబ్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అత్యవసరమన్న మందును తయారుచేయగలవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉండటం మంచిది కాదు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి: ట్యాంకులో దిగుబడి పెరిగే కొద్దీ భారం శుద్ధి విభాగం మీద పడుతుంది. యాంటీబాడీని పట్టుకునే ప్రోటీన్-ఏ రెజిన్ ఖరీదు మామూలుది కాదు. పంట పెరిగితే కల్లం ఇరుకవుతుంది. దాని మీదా పని జరగాలి, కానీ కల్లం ఇరుకైందని పంట తగ్గించుకునేవారుండరు.

రెండో అభ్యంతరం నాణ్యత గురించి, నా దృష్టిలో దీనికే ఎక్కువ విలువ. దిగుబడి కోసం పరిస్థితులను అటూఇటూ జరిపితే మందు మందుగా ఉంటుందా? యాంటీబాడీ కాండం మీద చక్కెర గొలుసులు అతికి ఉంటాయి. ఆ గొలుసు చివర గెలాక్టోజ్ ఎంత, మొదట్లో ఫ్యూకోజ్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి మన రోగనిరోధక కణాలు ఆ యాంటీబాడీని ఎంత గట్టిగా పట్టుకుంటాయో, క్యాన్సర్ కణాన్ని ఎంత బాగా చంపుతాయో మారుతుంది. ఈ గొలుసులను జన్యువు రాయదు. కణం ఆ పూట ఉన్న స్థితిలో అల్లుకుంటుంది. అమ్మోనియా పెరిగితే గెలాక్టోజ్ తగ్గుతుంది, మేతలో మాంగనీస్ ఉంటే పెరుగుతుంది, ఉష్ణోగ్రతా పీహెచ్ కూడా తమ వంతు తేడా తెస్తాయి. ట్రాస్టుజుమాబ్ అసలు మందు హెర్సెప్టిన్ లాట్లను ఏళ్ల తరబడి కొని పరీక్షించిన ఒక కొరియా బయోసిమిలర్ కంపెనీ శాస్త్రవేత్తలు, 2018 ఆగస్టు నుంచి గడువు ముగిసే లాట్లలో చక్కెర గొలుసుల తీరు మారిందనీ, దాంతో కణాలను చంపే సామర్థ్యం పడిపోయిందనీ 2017లో ప్రచురించారు. పోటీదారు మాట కాబట్టి కొంచెం తగ్గించి తీసుకున్నా, గమనించాల్సిందేమంటే: అనుభవమూ డబ్బూ పుష్కలంగా ఉన్న చోటే ప్రక్రియ ఇలా జారగలిగింది. అలాంటప్పుడు పరిస్థితులను ముట్టుకోకుండా ఉండటం రక్షణ కాదు. మనం ముట్టుకోకపోయినా అవి కదులుతాయి. మేత పొడి లాటు మారితే చాలు, పెద్ద ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ సరిగా బయటికి పోకపోతే చాలు. ఏ మీట తిప్పితే ఏ గొలుసు కదులుతుందో తెలిసినవాడే జారిన ప్రక్రియను తిరిగి గట్టెక్కించగలడు. మన దేశంలో 2012లో వచ్చి 2016లో సవరించిన సిమిలర్ బయోలాజిక్స్ మార్గదర్శకాలు కూడా అసలు మందుతో పోలికను ఈ వివరాల స్థాయిలోనే అడుగుతాయి. దిగుబడినీ నాణ్యతనూ విడదీసి, ఒకటి వ్యాపారం, ఇంకోటి సైన్సు అనుకోవడంలోనే పొరపాటుంది. రెండూ ఒకే ట్యాంకులో, ఒకే చేతికింద ఉన్నాయి.

మూడోది, ఇదంతా కంపెనీల పని, అవే చేసుకుంటాయి, ప్రజల డబ్బెందుకు అన్నది. చేసుకుంటున్నాయి, కాదనను. అయితే ఒక్కొక్కటి విడివిడిగా, పక్కవాడికి తెలియకుండా, ఒకే తప్పును నాలుగు గోడల మధ్య నాలుగుసార్లు చేస్తున్నాయి. పోటీ కంపెనీలు తమ విద్యను బయటపెడతాయా అంటే, పెట్టిన సందర్భం ఉంది. 2009లో ఆమ్జెన్, జెనెంటెక్, ఫైజర్, లిల్లీ వంటి కంపెనీలు కలిసి, ఎ-మాబ్ అనే లేని యాంటీబాడీ ఒకటుందనుకుని, దాని తయారీలో ఏ పరిస్థితి ఏ గుణాన్ని మారుస్తుందో వందల పేజీల్లో రాసి అందరికీ ఇచ్చాయి. ఊహా మందు మీద రాసినా, దాని వెనకున్న అనుభవం నిజమైనదే. చైనీస్ హ్యామ్‌స్టర్ కణాల జన్యుపటం 2011లోనే బహిరంగమైంది. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2016లో ఒక యాంటీబాడీని కొలబద్దగా తయారుచేసి, ప్రపంచంలో ఏ ప్రయోగశాలైనా కొనుక్కుని తన పరికరాలను సరిచూసుకునేలా అందుబాటులో పెట్టింది. దానివల్ల అక్కడి కంపెనీల వ్యాపారం దెబ్బతినలేదు. మన దగ్గరా 2017లో ప్రపంచ బ్యాంకు సాయంతో 1500 కోట్ల రూపాయల జాతీయ బయోఫార్మా మిషన్ మొదలైంది. ఉమ్మడి సౌకర్యాలూ శిక్షణా దాని లక్ష్యాల్లో ఉన్నాయి. ఐఐటీ ఢిల్లీలో ఈ ప్రక్రియల మీదే పనిచేసే బృందం ఉంది. శూన్యం నుంచి మొదలుపెట్టమని ఎవరూ అడగడం లేదు. ప్రతి సెల్ లైను తీరూ వేరు కదా, ఒకదాని పంచాంగం ఇంకోదానికి ఎలా పనికొస్తుంది అని నిపుణులు అడగవచ్చు. నల్లరేగడికి రాసింది ఎర్రనేలకు సరిపోదు, అయినా పంచాంగం రాయడం మానలేదు. నేలను బట్టి ఎలా మార్చుకోవాలో కూడా అందులోనే రాశారు.

అడుగుతున్నది పెద్ద భవనం కాదు. జీనోమ్ వ్యాలీ చుట్టుపక్కలో, బాలానగర్‌లోని ఫార్మా విద్యాసంస్థ నైపర్ లాంటి చోటో, మూడు లీటర్ల గాజు బయోరియాక్టర్లు ఓ డజను. పేటెంటు తీరిన ఒక యాంటీబాడీని తయారుచేసే, ఎవరడిగినా ఇవ్వదగ్గ ఒక సెల్ లైను. ప్రతి పదార్థం ఎంతో పేరుపెట్టి రాసిన ఒక మేత కూర్పు, అదీ వీలైనంత వరకు ఇక్కడ దొరికే సరుకుతో. ఒక్కో బ్యాచ్ రెండు వారాలు నడుస్తుంది కాబట్టి, డజను రియాక్టర్లతో మధ్యలో శుభ్రతకూ మరమ్మతులకూ పోను ఏడాదికి రెండు వందల బ్యాచ్‌లు తేలిగ్గా చేయొచ్చు. వాటిని నడిపేది ఎమ్మెస్సీ, బీటెక్, డిప్లొమా విద్యార్థులే కావాలి. రాత్రి రెండింటికి ఆక్సిజన్ పడిపోతే అలారం విని లేచేదీ వాళ్లే, నురుగు పొంగి ఫిల్టరు తడిస్తే బ్యాచ్ ఎలా పోతుందో కళ్లారా చూసేదీ వాళ్లే. ఏడాది చివర అన్ని బ్యాచ్‌ల రోజువారీ లెక్కలూ, పోయినవాటితో సహా, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ అచ్చు వేయాలి. కంపెనీలు ఎప్పుడూ బయటపెట్టనివి ఆ పోయిన బ్యాచ్‌లే. ఫలానా లైను, నాలుగో రోజు 33 డిగ్రీలకు దింపాం, లాక్టేట్ తగ్గలేదు, పదో రోజుకు సగం కణాలు చచ్చాయి అన్న ఒక్క వరుస చదివితే, ఇంకో ప్రయోగశాలలో ఎవరో అదే ప్రయోగాన్ని ఐదో రోజుతో మొదలుపెడతారు.